8 వేల డాక్ కొన్నాక తెలిసింది: హెడ్‌ఫోన్‌కి వెయ్యి రూపాయల సౌండ్ కార్డ్ చాలు!

గత నెల మా తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, లాప్‌టాప్ జాక్ లూజ్ అయింది. ఒక చెవిలోనే వినిపిస్తోంది, మైక్ కట్ అవుతోంది. వచ్చే వారం నుంచి ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలు. సౌండ్ కార్డ్ ఏది కొనమంటావ్? బడ్జెట్ 1,500."

నా టేబుల్ మీదున్న డాక్ ధర 8 వేలు. "1,500కి మంచివి రావురా, మిగతాది నేను వేస్తాలే" అని టైప్ చేశా. సెండ్ కొట్టే ముందు డౌట్ వచ్చింది. నాది బాగుంటుందని నాకెలా తెలుసు? రివ్యూల్లో చదివా, కొన్నా, అంతే. పక్కన ఇంకోటి పెట్టి ఒక్కసారి కూడా పోల్చి వినలేదు. ఆ మెసేజ్ డిలీట్ చేసి, "రెండ్రోజులు టైమివ్వు" అన్నా. ఆ రెండ్రోజుల్లో తేలిందే ఈ ఆర్టికల్.

అసలు సౌండ్ కార్డ్ ఎవరికి కావాలి?

సౌండ్ కార్డ్ చేసే పనులు ముఖ్యంగా రెండు. ఫైల్‌లో ఉన్న అంకెల్ని కరెంట్ సిగ్నల్‌గా మార్చడం, దీన్నే డాక్ అంటాం. ఆ సిగ్నల్‌కి హెడ్‌ఫోన్‌ని నడిపేంత బలం ఇవ్వడం, ఇది యాంప్ పని. 1989లో మొదటి సౌండ్ బ్లాస్టర్ వచ్చినప్పుడు మామూలు పీసీకి బీప్ శబ్దాలు తప్ప పెద్దగా ఏమీ రావు కాబట్టి కార్డ్ కొనాల్సి వచ్చేది. ఇప్పుడు ఈ రెండు పనులూ మదర్‌బోర్డ్ మీద చిన్న చిప్పే చేసేస్తోంది.

అందుకే ఈ మూడింటిలో ఒకటైనా ఉంటేనే విడిగా కొనండి:

1. హెడ్‌ఫోన్‌లో సర్ర్‌మనే శబ్దం, గీపెట్టే శబ్దం వస్తోంది.
2. వాల్యూమ్ 100లో పెట్టినా సరిపోవట్లేదు.
3. జాక్ పాడైంది, లేదా అసలు లేదు.

ఇవేవీ లేకపోతే ఆ డబ్బు హెడ్‌ఫోన్ మీద పెట్టండి. సౌండ్‌లో పెద్ద తేడా తెచ్చేది అదే.

కొనేముందు ఫ్రీ టెస్ట్

నేను డాక్ కొన్నది మొదటి సమస్య వల్లే. అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్‌లో బ్రౌజర్ స్క్రోల్ చేస్తే కిర్‌కిర్, గేమ్ ఓపెన్ చేస్తే కీచుమని శబ్దం. డాక్ పెట్టగానే మొత్తం పోయింది. "8 వేలంటే ఆ మాత్రం ఉంటుంది మరి" అనుకుని మురిసిపోయా.

మొన్న మాత్రం డాక్ తీసేసి, హెడ్‌ఫోన్‌ని క్యాబినెట్ వెనక, మదర్‌బోర్డ్ మీదే ఉండే గ్రీన్ జాక్‌లో పెట్టి చూశా. శబ్దం దాదాపు మాయం! ఇన్నాళ్లూ నేను వాడింది ముందువైపు జాక్. దానికి వెళ్లే సన్నని కేబుల్ గ్రాఫిక్స్ కార్డ్ పక్కనుంచి, పవర్ వైర్ల మధ్యలోంచి వెళ్తుంది. చుట్టూ ఉన్న ఎలక్ట్రికల్ నాయిస్ అంతా దాంట్లో కలుస్తుంది. డాక్‌ది యూఎస్‌బీ కనెక్షన్ కాబట్టి ఆ కేబుల్‌తో పని లేకుండా పోయింది. ఆ పని ఏ యూఎస్‌బీ సౌండ్ కార్డైనా చేసేదే.

డెస్క్‌టాప్ వాడేవాళ్లు ముందు వెనక జాక్ ట్రై చేయండి. లాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసేసి వినండి. శబ్దం ఆగిపోతే అది పవర్ నుంచి వస్తున్నట్టు. అలాంటప్పుడు ముందు వేరే సాకెట్, వేరే ఛార్జర్‌తో చూడండి. కొన్నిసార్లు ఆ నాయిస్ యూఎస్‌బీ పవర్ ద్వారా కొత్త డాక్‌లోకి కూడా వస్తుంది.

స్పెక్స్‌లో ఏం చూడాలి?

బాక్స్ మీద పెద్దక్షరాలతో "32 బిట్, 384 కిలోహెర్ట్జ్" అని ఉంటుంది. దానికి పడిపోకండి. సీడీ క్వాలిటీ 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ మాత్రమే. అదే 96 డెసిబెల్స్ డైనమిక్ రేంజ్, 22 కిలోహెర్ట్జ్ వరకు ఫ్రీక్వెన్సీ ఇస్తుంది. మన చెవి పరిమితి దాదాపు 20. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ ఉంటే వినడానికి ఎక్కువే. చూడాల్సినవి వేరే ఉన్నాయి.

అవుట్‌పుట్ వోల్టేజ్: వాల్యూమ్ ఎంత వస్తుందో దీంతో లెక్కేయొచ్చు. నా ఆడియో-టెక్నికా ఎం40ఎక్స్‌ది 35 ఓమ్స్, 1 మిల్లీవాట్‌కి 98 డెసిబెల్స్. 1 వోల్ట్ ఇస్తే సుమారు 28 మిల్లీవాట్లు, అంటే 112 డెసిబెల్స్ వస్తాయి. పెద్దవాళ్లకి వారానికి 40 గంటలు వినాలంటే సగటున 80 డెసిబెల్స్ దాటొద్దని డబ్ల్యూహెచ్ఓ చెబుతోంది. అంటే 1 వోల్ట్ సరిపోవడమే కాదు, ఫుల్‌లో పెడితే చెవులకి డేంజర్ కూడా.

అదే బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో 250 ఓమ్స్ వెర్షన్ అయితే 1 వోల్ట్‌కి 102 డెసిబెల్స్ దగ్గరే ఆగుతుంది. తక్కువ లెవెల్‌లో రికార్డ్ చేసిన పాటలు, సినిమా డైలాగ్స్‌కి చాలదనిపించొచ్చు. ఇలాంటి 250, 300 ఓమ్స్ హెడ్‌ఫోన్స్ ఉన్నవాళ్లు 2 వోల్ట్స్ ఇచ్చేవి చూడాలి.

అవుట్‌పుట్ ఇంపీడెన్స్: హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతు కంటే తక్కువ ఉండాలి. 32 ఓమ్స్‌కి 4 ఓమ్స్ లోపు అన్నమాట. ఎక్కువైతే కొన్ని హెడ్‌ఫోన్స్‌లో బాస్ తీరే మారిపోతుంది.

కళ్లు మూసుకుని విన్నాం

ఇక అసలు టెస్ట్. ఒకవైపు నా 8 వేల డాక్, ఇంకోవైపు ఆపిల్ యూఎస్‌బీ-సీ టు 3.5 ఎంఎం అడాప్టర్. చూడటానికి జానెడు వైర్ ముక్కే కానీ లోపల డాక్, యాంప్ రెండూ ఉన్నాయి. నేను కొన్నప్పుడు వెయ్యి లోపే పడింది.

మామూలుగా వింటే నాదే గెలిచింది. బాస్ గట్టిగా, పాట నిండుగా అనిపించింది. తర్వాత పాత ఆక్స్ కేబుల్ కోసి, 60 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి, మల్టీమీటర్‌తో రెండింటి వోల్టేజ్ కొలిచా. నాది 1.6 రెట్లు ఎక్కువ ఇస్తోంది, అంటే 4 డెసిబెల్స్ ఎక్కువ సౌండ్. ఎక్కువ సౌండ్ వచ్చేదే మంచిదని మన బుర్ర ఇట్టే మోసపోతుంది.

నాబ్ తిప్పి రెండింటినీ ఒకే వోల్టేజ్‌కి తెచ్చా. నేను కళ్లు మూసుకుంటే రూమ్మేట్ నాణెం ఎగరేసి, వచ్చినదాన్ని బట్టి జాక్ మార్చేవాడు. ఏది ప్లే అవుతోందో చెప్పడం నా పని. 16 సార్లు చేశాం. 9 కరెక్ట్. ఊరికే గెస్ చేసినా 8 వస్తాయి! తేడా నిజంగా వినిపిస్తోందని కాస్త నమ్మకంగా చెప్పాలంటే కనీసం 12 రావాలి. రూమ్మేట్ నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాడు.

ఇది ఒక హెడ్‌ఫోన్, ఒక జత చెవుల ఫలితమే. మీ చెవులు వేరు కావచ్చు. కానీ 7 వేలు ఎక్కువ పెట్టే ముందు ఈ టెస్ట్ ఒకసారి చేసుకోండి.

మరి ఏం కొనాలి?

యూఎస్‌బీ-సీ పోర్ట్ ఉంటే ఆపిల్ అడాప్టర్. నా పీస్‌లో ఫుల్ వాల్యూమ్‌కి 1 వోల్ట్ వచ్చింది, ఇంపీడెన్స్ 1 ఓమ్ దగ్గరే. మైక్ ఉన్న హెడ్‌సెట్ కూడా పనిచేస్తుంది. రెండు జాగ్రత్తలు: యూరప్ వెర్షన్‌లో వోల్టేజ్ సగమే, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్ తక్కువ వస్తుంది. పీసీకైతే ఆ ఆండ్రాయిడ్ సమస్య ఉండదు.

యూఎస్‌బీ-ఏ మాత్రమే ఉంటే క్రియేటివ్ సౌండ్ బ్లాస్టర్ ప్లే! 3 చూడండి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ సపోర్ట్ ఉంది. హెడ్‌ఫోన్‌కి, మైక్‌కి వేర్వేరు పిన్నులున్న పాత హెడ్‌సెట్‌లకి కూడా ఇదే సుఖం.

200 రూపాయలకి దొరికే "7.1 ఛానెల్" డాంగిల్స్ మాత్రం పాటల కోసం కొనకండి. చాలావాటిలో ఉండేది సీఎం108 రకం చిప్, 16 బిట్, 48 కిలోహెర్ట్జ్. ఆ అంకెలతో గొడవ లేదు. హెడ్‌ఫోన్‌కి వెళ్లేది రెండే ఛానెల్స్, 7.1 అంతా సాఫ్ట్‌వేర్ మాయ. పైగా చుట్టూ ఉండే చవక పార్ట్స్ వల్ల నాయిస్ ఎలా ఉంటుందో లాటరీనే.

ఏది కొన్నా విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్ చేసి ఒకసారి వినండి.

తమ్ముడి లాప్‌టాప్‌కి సీ పోర్ట్ ఉంది, అడాప్టరే కొన్నాడు. మొదటి ఇంటర్వ్యూ అయ్యాక కాల్ చేశాడు. "వాయిస్ క్లియర్‌గా ఉందన్నారన్నా. రిజల్ట్ వచ్చే వారం."

నా 8 వేల డాక్ ఇంకా టేబుల్ మీదే ఉంది. నాబ్ తిప్పుతుంటే భలే ఉంటుంది. సౌండ్ కోసం కొనమని మాత్రం ఇక ఎవరికీ చెప్పను.