గీసిన చెయ్యి ఆగింది... గోకూ ఇంకా గోదాలోనే!

జపాన్ బొమ్మల కథ వీడియో ఆటగా మారిన వైనం

అమెరికాలోని లాస్ వేగాస్ నగరం. 2018 ఆగస్టు 5. వేలాది మంది కేకల మధ్య వేదికపై ఇద్దరు పక్కపక్కనే కుర్చీల్లో కూర్చున్నారు. ఒకరిది అమెరికా, మరొకరిది జపాన్. ఇద్దరి మధ్య పోరు భీకరంగా సాగుతోంది. అయినా ఒకరినొకరు తాకింది లేదు. వేళ్లు మీటల మీద ఆడుతున్నాయి. ఎదుట తెర మీద బొమ్మ వీరులు ఆకాశంలోకి ఎగిరి తలపడుతున్నారు. ఒక్కో దెబ్బకు కొండలు పిండి అవుతున్నాయి.

సరిగ్గా ఆఖరి ఘట్టానికి ముందు అమెరికా పక్షం నుంచి ఒక కోరిక వచ్చింది. ఇద్దరూ చోట్లు మార్చుకోవాలట. సభలో కలకలం రేగింది. ఆట ఆగింది.

వారు ఆడుతున్న ఆట పేరు ‘డ్రాగన్ బాల్ ఫైటర్స్’. ఏటా జరిగే ‘ఇవో’ పోటీల్లో ఆ ఏడాది దీనికి 2,575 మంది పేర్లు ఇచ్చారు. ఆ ఏడు అక్కడ మరే ఆటకూ ఇంతమంది రాలేదు. ఇంత సందడికి మూలం ఎక్కడుందని వెతికితే, అది జపాన్‌లో ఒక మనిషి బల్ల మీద కాగితం, కలం దగ్గర తేలుతుంది.

తిరిగి వచ్చిన పేజీలు

ఆ మనిషి పేరు అకిరా తోరియామా. 1955లో పుట్టారు. పై చదువులకు వెళ్లలేదు. ఒక ప్రకటనల సంస్థలో కొలువు చేసి మానేశారు. చేతిలో ఉన్న విద్య బొమ్మలు గీయడం ఒక్కటే. పత్రికలకు గీసి పంపడం మొదలుపెట్టారు. తోరిషిమా అనే సంపాదకుడు ఆ గీతలో పస ఉందని గుర్తించాడు. అలాగని దయ చూపలేదు. బాగాలేదంటూ వందల పేజీలు తిప్పి పంపాడు. తోరియామా మళ్లీ గీశారు. 1980లో ‘డాక్టర్ స్లంప్’ అనే హాస్య కథతో పేరొచ్చింది.

1984లో ‘షోనెన్ జంప్’ వారపత్రికలో ‘డ్రాగన్ బాల్’ మొదలైంది. జపాన్‌లో ఇటువంటి బొమ్మల కథలను ‘మాంగా’ అంటారు. కథానాయకుడు గోకూ. తోక ఉన్న కుర్రవాడు. చేతిలో సాగే కర్ర, ఎక్కి తిరగడానికి మేఘం. కోతి వీరుడు అనగానే మనవారికి ఆంజనేయుడు గుర్తుకొస్తాడు గాని, తోరియామా తీసుకున్నది ‘పశ్చిమ యాత్ర’ అనే పాత చైనా గాథలోని కోతి వీరుణ్ణి. ఆ వీరుడి పేరును జపాన్ వారు పలికే తీరే ‘సోన్ గోకూ’. లోకంలో చెల్లాచెదురుగా ఉన్న ఏడు గోళాలను కూడగడితే డ్రాగన్ ప్రత్యక్షమై కోరిన వరం ఇస్తుంది. కథ అక్కడ మొదలై, రానురాను లోకాలను కాపాడే యుద్ధాలదాకా వెళ్లింది.

వారం వారం గడువు తరుముతుండగా పదేళ్లకు పైగా ఇది సాగింది. 1995లో ముగిసేసరికి 519 భాగాలు, 42 పుస్తకాలు అయ్యాయి. ఇందులో ఒక తమాషా ఉంది. కోపం హద్దు దాటినప్పుడు గోకూ జుట్టు బంగారు రంగుకు మారుతుంది. పిల్లలకు అది మహిమ. గీసేవారికి మాత్రం అది వెసులుబాటు. నల్ల జుట్టుకు ప్రతి బొమ్మలోనూ సిరా పూయాలి. బంగారు జుట్టును కాగితంపై తెల్లగా వదిలేస్తే చాలు. ఈ సంగతి తోరియామాయే తర్వాత చెప్పారు.

మట్టిబొమ్మకు గీత ప్రాణం

ఈ కథపై ఆటలు కొత్త కాదు. 1986 నుంచే వస్తున్నాయి. అయితే కంప్యూటర్లు పెరిగినకొద్దీ ఒక చిక్కు వచ్చింది. కంప్యూటర్లో వీరుణ్ణి నిండు శిల్పంలా తయారు చేస్తారు. ఎటు తిప్పినా కనబడతాడు. కాని అచ్చం రంగు వేసిన మట్టిబొమ్మలా ఉంటాడు. పుస్తకంలో చూసిన గోకూ కాడు. కలం గీతలోని వాడి, తొందర అందులో ఉండవు.

యోకొహామాలోని ఆర్క్ సిస్టమ్ వర్క్స్ అనే సంస్థ ఈ చిక్కును విప్పింది. 1988లో పుట్టిన సంస్థ ఇది. 2014లో ‘గిల్టీ గేర్’ అనే తమ సొంత ఆటలో ఒక పద్ధతిని పండించి, దానినే గోకూకు వాడింది.

పద్ధతి వినడానికి విడ్డూరంగా ఉంటుంది. చెయ్యి ఇక్కడ, తర్వాత అక్కడ అని రెండు భంగిమలు ఇస్తే మధ్య కదలికను కంప్యూటరే నున్నగా నింపేస్తుంది. పని తగ్గుతుంది. వీరు దాన్ని వద్దన్నారు. ఒక్కో భంగిమను మనుషులే కుదిర్చి, కొన్ని క్షణాంశాలు అలాగే నిలిపి, తర్వాతి భంగిమకు దూకించారు. చేత్తో గీసిన సినిమా బొమ్మలు అలాగే కదులుతాయి. మన తోలుబొమ్మలాట చూసినవారికి ఈ సంగతి ఇట్టే తెలుస్తుంది. బొమ్మ ఒక్కసారి విసురుగా తిరిగితేనే దెబ్బ పడినట్టుంటుంది. నెమ్మదిగా జారితే ఉండదు.

నీడల విషయంలోనూ ఇంతే. వెలుతురు దాని దారిన పడితే ముఖం మీద నీడలు ముద్దగా వస్తాయి. అందుకే ఒక్కో వీరుడికి విడిగా దీపం పెట్టినట్టు ఏర్పాటు చేసి, ఎక్కడ నీడ పడాలో, ఎక్కడ పడకూడదో మనిషే నిర్ణయించాడు. యంత్రం చేయగలిగిన పనిని ఆపించి చేతిపని పెంచారు. తెర మీది గోకూ పేజీలోంచి లేచి వచ్చినట్టు ఉండడానికి కారణం అదే.

ముగ్గురికి ముగ్గురు

ఆట 2018 జనవరిలో బజారులోకి వచ్చింది. అమ్మినవారు బందాయ్ నామ్కో. ఒక్కొక్కరు ముగ్గురేసి వీరులను ఎంచుకోవాలి. ఒకడు గోదాలో ఉంటే ఇద్దరు బయట కాచుకుని ఉంటారు. పిలిస్తే వచ్చి ఒక దెబ్బ వేసి పోతారు. అలసినవాడు పక్కకు తప్పుకుంటే కొంత తేరుకుంటాడు. ముగ్గురూ పడిపోతేనే ఓటమి.

మొదటిసారి పట్టినవాడు ఒకే మీటను వరసగా నొక్కినా వీరుడు చకచకా దెబ్బలు వేస్తాడు. నేర్చినవారి ఆట వేరు. సెకనుకు 60 బొమ్మలు మారే తెర మీద, ఎదుటివాడి కదలిక కనిపెట్టి కాచుకోవాలి. ఆ విద్య ఏళ్ల సాధనతోగాని రాదు.

పుస్తకం చదివినవారికి మరో కానుక ఉంది. కొన్ని జతలు కొన్ని చోట్ల తలపడితే ఆఖరి దెబ్బ అచ్చం కథలోని ఘట్టంలా ముగుస్తుంది. సెల్ అనే రాక్షసుడిపై కుర్రవాడు గోహన్ శక్తిని ప్రయోగించే ఘట్టం అలాంటిదే. చనిపోయిన తండ్రి గోకూ రూపం అతని వెనుక నిలుస్తుంది. పోరు మధ్యలో ఏడు గోళాలూ కూడితే డ్రాగన్ కూడా వస్తుంది. పడిపోయిన తోటివాణ్ణి లేపమని వరం అడగవచ్చు.

చోట్లు మారాయి

మళ్లీ లాస్ వేగాస్‌కు వద్దాం. అమెరికాకు చెందిన సోనిక్‌ఫాక్స్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు. ఎవరూ ఊహించని ఎత్తులతో మీద పడడంలో దిట్ట. జపాన్‌కు చెందిన గోఇచి కిషిదా పోటీ పేరు ‘గో1’. కాపుదలలో గట్టివాడు. ఈ పోటీల్లో రెండుసార్లు ఓడితేనే ఇంటిదారి. గో1 అప్పటికే ఒకసారి ఓడి, కిందినుంచి పైకి వచ్చాడు. ఫైనల్లో సోనిక్‌ఫాక్స్‌ను ఓడించి లెక్క సమం చేశాడు. ఊపు మీద ఉన్నాడు.

సోనిక్‌ఫాక్స్ చోట్లు మార్చమని అడిగింది అప్పుడే. నియమాలు దానికి ఒప్పుకుంటాయి. కుర్చీలు మారాయి, ఆటకు విరామం వచ్చింది. ఆ తర్వాత సోనిక్‌ఫాక్సే గెలిచారు. నియమం ప్రకారమేనని కొందరు, ఎదుటివాడి ఊపు తీయడానికేనని కొందరు చాలాకాలం వాదులాడుకున్నారు. గో1 మాత్రం మరుసటి ఏడాది మళ్లీ వచ్చాడు. 2019 ఇవో ఫైనల్లో అదే సోనిక్‌ఫాక్స్‌ను ఓడించి కప్పు పట్టుకుపోయాడు.

ఎత్తిన చేతులు

తోరియామా 2024 మార్చి 1న కన్నుమూశారు. మెదడుపై రక్తం చేరడమే కారణం. వయసు 68. వారం తర్వాతగాని లోకానికి తెలియలేదు.

కథలో గోకూ తన బలం చాలనప్పుడు లోకంలోని వారందరినీ చేతులు పైకెత్తమంటాడు. తలా కొంచెం శక్తి ఇస్తే అది ఒక వెలుగు గోళమవుతుంది. మరణవార్త తెలిశాక అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో అభిమానులు నగర స్తంభం వద్ద గుమిగూడారు. ఆ గీతకారుడి కోసం అందరూ చేతులు పైకెత్తి నిలబడ్డారు.

ఆటలోనూ ఆ ఘట్టం ఉంది. మీట నొక్కితే గోకూ గాలిలోకి లేచి చేతులు ఎత్తుతాడు. మొదట గీసిన చెయ్యి ఇప్పుడు లేదు. ఆ చేతి వాడి తగ్గకుండా యంత్రాన్ని అదుపులో పెట్టి ఒక్కో భంగిమనూ కుదిర్చిన చేతులు ఎన్నో ఉన్నాయి. అందుకే గోకూ ఇంకా గోదాలోనే ఉన్నాడు.