సగటు తగ్గింది... ఎవరి సగటు?

అమెరికాలో హైస్కూలు విద్యార్థులు కళాశాల చదువుకు ఎంత సిద్ధంగా ఉన్నారో కొలిచే పరీక్షల్లో ఏసీటీ ఒకటి. గరిష్ఠ స్కోరు 36. 2017లో హైస్కూలు పూర్తిచేసిన వారిలో దాదాపు 20 లక్షల మంది దీన్ని రాశారు, సగటు 21. 2022 నాటికి రాసినవారు సుమారు 13.5 లక్షలకు, సగటు 19.8కి పడిపోయాయి. సగటు 20 కంటే దిగువకు రావడం 1991 తర్వాత అదే మొదటిసారి. మరుసటి ఏడాది 19.5.

చదువులు దెబ్బతిన్నాయా? కోవిడ్‌ ప్రభావాన్ని కొట్టిపారేయలేం. కానీ తగ్గుదల అంతకు ముందే మొదలైంది. పైగా పరీక్ష ఎవరు రాశారన్నది చూడకుండా సగటును నమ్మలేం. నెవాడాలో దాదాపు విద్యార్థులందరూ రాస్తారు. సగటు 17 దగ్గర. మసాచుసెట్స్‌లో రాసేది పది శాతం లోపే, ఎక్కువగా పేరున్న కళాశాలలపై కన్నేసినవారు. సగటు 26 పైనే. ఈ తేడా అంతా బోధనలోదే అనుకుంటే గణాంకశాస్త్రం ఒప్పుకోదు.

చాలా కళాశాలలు స్కోరు అడగడం మానేశాక స్వచ్ఛందంగా రాసేవారు తగ్గారు. అందరిచేతా రాయించే రాష్ట్రాల వాటా పెరిగింది. సగటు కిందికి జరగడానికి ఇదొక్కటీ చాలు.

అందుకే ప్రమాణ స్కోర్లనూ చూడాలి. గణితంలో 22 వస్తే, కళాశాల మొదటి ఏడాది ఆల్జీబ్రాలో బి గ్రేడు లేదా అంతకన్నా మెరుగైనది వచ్చే అవకాశం 50 శాతం. 2023లో రాసినవారిలో 43 శాతం మంది నాలుగు సబ్జెక్టుల్లో ఒక్కదానిలోనూ ప్రమాణాన్ని అందుకోలేదు.