ఒక జాబు – ఒక టెలిగ్రాం

పిల్లలూ!

పెద్దయ్యాక శాస్త్రజ్ఞులు కావాలని మీలో చాలామందికి ఉంటుంది. మంచిదే. అయితే నాదొక ప్రశ్న. విత్తనం ఎంత మేలైనదైనా బండరాయి మీద పారవేస్తే మొలుస్తుందా? మొలవదు గదా! శాస్త్రజ్ఞుడి తెలివి కూడా అంతే. ఇందుకు మన దేశంలోనే జరిగిన ఒక సంగతి చెబుతాను, వినండి.

ఆకాశంలోని సూర్యుడూ, నక్షత్ర మండలాలూ వెలుగునే గాక రేడియో తరంగాలను కూడా వెలువరిస్తాయి. అవి మన కంటికి కనిపించవు. వాటిని పట్టి పరిశీలించేదే రేడియో ఖగోళశాస్త్రం. 1961లో ఈ విద్య నేర్చిన నలుగురు భారతీయ యువకులు విదేశాల్లో పనిచేస్తూ ఉండేవారు. వారిలో గోవింద్ స్వరూప్ ఒకరు. అవకాశం కల్పిస్తే స్వదేశానికి వచ్చి పనిచేస్తామని ఆ నలుగురూ మన దేశంలోని పెద్ద శాస్త్రజ్ఞులకు జాబు రాశారు.

ఇటువంటి జాబు ఏ బల్ల సొరుగులోనో పడి ఉండిపోవచ్చు. కాని బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ అధిపతి హోమీ భాభా అలా కానివ్వలేదు. రేడియో ఖగోళ బృందాన్ని ఏర్పాటు చేయటానికి నిశ్చయించామని 1962 జనవరిలో టెలిగ్రాం ఇచ్చారు. మరుసటి ఏడు స్వరూప్ వచ్చేశారు. అప్పటికి ఆయనకు 34 ఏళ్ళు. అప్పుడప్పుడే చదువు ముగించిన కుర్రవాళ్ళు ఆయనతో చేరారు.

వాళ్ళు తలపెట్టిన పని చిన్నది కాదు. ఉదకమండలం దగ్గర 530 మీటర్ల పొడవూ, 30 మీటర్ల వెడల్పూ గల రేడియో దూరదర్శినిని కట్టాలి. అక్కడే ఎందుకంటారా? ఆ ఊరు భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 11 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నది. వాళ్ళు ఎంచుకున్న కొండవాలు కూడా 11 డిగ్రీలే! అందువల్ల వాలు వెంట పరచిన దూరదర్శిని ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరంగా ఉంటుంది. భూమి తిరుగుతూ ఉంటే, ఈ ఒక్క ఇరుసునూ ఎదురు తిప్పుతూ ఒకే నక్షత్ర మండలాన్ని గంటల తరబడి చూడవచ్చు. ఎంత చక్కని యుక్తి!

పని సగంలో ఉండగానే, 1966 జనవరిలో, భాభా విమాన ప్రమాదంలో మరణించారు. అయినా పని ఆగలేదు. సంస్థ నిలబడే ఉన్నది. 1970లో దూరదర్శిని పూర్తి అయింది. తరువాత స్వరూప్ నాయకత్వాన పూనాకు ఉత్తరంగా, ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసం గల 30 పళ్ళేలతో ఇంకా పెద్దది వెలిసింది. ఇతర దేశాల శాస్త్రజ్ఞులు కూడా ఇప్పుడు దానిని వాడుకొంటున్నారు.

చూశారా! స్వరూప్ వచ్చింది 1963లో, దూరదర్శిని పూర్తయింది 1970లో. ఆ ఏడేళ్ళూ జీతమూ, పనిముట్లూ, నమ్మకమూ ఇచ్చినవారు లేకపోతే ఆ తెలివి ఏమయ్యేది? వరి నాలుగు నెలల్లో చేతికి వస్తుంది; పరిశోధన అలా రాదు. పంట వచ్చేదాకా రైతును పోషించగల దేశానికే ఆ పంట దక్కుతుంది.

ఇక మీకొక పని. అట్లాసులో మీ ఊరి అక్షాంశం చూడండి. హైదరాబాదుకు అది సుమారు 17 డిగ్రీలు. రాత్రివేళ ఒక కర్రను ఉత్తరానికి చూపి, నేలనుంచి అన్ని డిగ్రీలు పైకెత్తండి. కర్ర కొనకు దగ్గరలోనే ధ్రువనక్షత్రం కనబడుతుంది. ఉదకమండలం దూరదర్శిని ఇరుసు చూసేదీ ఆ దిక్కే!