కణమరణమునకు అడ్డు నిలుచు జన్యువు

భూపాలపల్లి జిల్లా చెల్పూరునుండి యొక పాఠకుడు పంపిన ప్రశ్నను పక్కన బెట్టుట నా వలన కాలేదు. కణములు తమంతట తామే చనిపోవుటను వారించు జన్యువొకటి మనుష్యునిలో నున్నదట గదా, దానిచేత మఱింత గట్టిగా పనిచేయించినచో ఆయుష్షు పెరుగదా యని ఆయన యడుగుచున్నారు. ఆ జన్యువు పేరు బి.సి.ఎల్.-2. అది విడువక పనిచేయుచుండు దేహములు లోకమున లేకపోలేదు. వైద్యులు ఆ స్థితికి పెట్టిన పేరు ఫాలిక్యులర్ లింఫోమా, అనగా రక్తకణములకు సంబంధించిన యొక క్యాన్సరు. నిజమునకు ఈ జన్యువు శాస్త్రజ్ఞుల కంటబడినదే ఆ రోగమునందు.

మూలవిషయమును రెండు మాటలలో ముగించెదను. గర్భస్థశిశువు చేతివ్రేళ్ళ నడుమ నుండు పొర తొలగిపోవుటకు అచ్చటి కణములు చావవలెను. ఇట్టి కణమరణమునకు కెర్, విల్లీ, కర్రీ యనువారు 1972లో అపోప్టోసిస్ అని నామకరణము చేసిరి. సి. ఎలిగాన్స్ అను సన్నని పురుగులో 1,090 దేహకణములు పుట్టగా, వానిలో సరిగా 131 ప్రతితరమునందును నియమము తప్పక మరణించును. ఆ పురుగునందు మరణమును వారించు జన్యువు మన బి.సి.ఎల్.-2కు జ్ఞాతియే, మనుష్యుని జన్యువును పురుగులో నుంచగా అచ్చటను కణములను కాపాడెనని 1992లో తేలినది.

ఇక జన్యువు కథ. ఫిలడెల్ఫియాలో త్సుజిమొటో, క్రోచే మున్నగువారు 1984 ప్రాంతమున ఈ లింఫోమా కణములను పరిశీలించి, 18వ క్రోమోజోము తునుక యొకటి 14వ దానికి అతుకుకొన్నదనియు, ఆ అతుకు చెంతనే ఈ జన్యువు నిలిచి, ప్రతిదేహముల తయారీకై అచ్చట నిరంతరము మ్రోగు ఆజ్ఞకు లోబడి, విరామము లేక ప్రోటీనును తయారుచేయించుచున్నదనియు కనుగొనిరి. క్యాన్సరు జన్యువనగా కణవిభజనను రెచ్చగొట్టునదే యని నాటివారి దృఢవిశ్వాసము. ఇదియు నట్టిదే యని తలచిరి. 1988లో మెల్బోర్న్ నగరమున డేవిడ్ వాక్స్, తన సహచరులతో కూడి, పోషకసంకేతము అందని కణములలో ఈ జన్యువును ప్రవేశపెట్టగా అవి విభజన చెందలేదు. కాని చావనులేదు, ఊరక బ్రతికి యుండెను! చావవలసినవి చావకుండుటయు క్యాన్సరునకు దారి యగునని లోకమునకు తెలిసినది అప్పుడే. నా దృష్టిలో ఆ శతాబ్దపు జీవశాస్త్రమున ఇంతటి మలుపులు మిక్కిలి కొద్ది.

అయితే 239 అమైనో ఆమ్లముల ఈ చిన్న ప్రోటీను మరణమును ఎట్లాపుచున్నది? స్టాన్లీ కోర్స్‌మేయర్ బృందము మొదట అది కణములో శక్తిని తయారుచేయు మైటోకాండ్రియా లోపలిపొరలో నున్నదనెను. అది పొరబాటు, దాని ప్రధానస్థానము వెలుపలిపొర. పిమ్మట అది ఆక్సిజన్ వలన పుట్టు హానికరపదార్థములను అణచుచున్నదని వాదించిరి. ఆక్సిజన్ దాదాపు లేనిచోటను అది కణములను కాపాడుచుండుట 1995లో బయటపడి ఆ వాదము నిలువలేదు. కాని ఆ బృందమే 1993లో దాని ప్రత్యర్థియైన బ్యాక్స్ అను ప్రోటీనును పట్టుకొన్నది, తాళపుచెవి అదియే.

మైటోకాండ్రియా రెండు పొరల మధ్య సైటోక్రోమ్ సి అను ఎఱ్ఱని ప్రోటీను కలదు. ఎలక్ట్రానులను మోసి, శక్తి తయారీకి తోడ్పడుట దాని నిత్యకృత్యము. చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రమున గొట్టముల లోపల నున్నంతవరకు టర్బైనును త్రిప్పి 1,100 మెగావాట్ల విద్యుత్తును ఇప్పించు ఆవిరియే, గొట్టము పగిలి వెలికి వచ్చినచో ప్రాణాంతక మగును గదా, ఇదియు నట్లే. షియావొడాంగ్ వాంగ్ బృందము 1996లో, కణములను చంపు కాస్పేసులను మేల్కొల్పు పదార్థమును వెదకుచు, చివరకు ఈ ఎఱ్ఱని ప్రోటీనునే చేపట్టి ప్రకటించగా, శ్వాసక్రియకు సేవకురాలైనది మృత్యుదూతిక యెట్లగునని పలువురు శంకించిరి. శంక నిలువలేదు. వెలికి వచ్చిన సైటోక్రోమ్ సి, అపాఫ్-1 అను ప్రోటీనును తాకును. అవి ఏడేడు కూడి చక్రాకారమును దాల్చును. ఆ చక్రము కాస్పేస్-9ను, అది కాస్పేస్-3ను మేల్కొల్పగా, కణము లోపలినుండి ముక్కలగును.

బి.సి.ఎల్.-2 చేయు పని సైటోక్రోమ్ సి వెలికి వచ్చు ద్వారమును మూసియుంచుట. దాని యొడలిపై సన్నని గాడి యొకటి కలదు. వెలుపలిపొరకు రంధ్రములు పొడువగల బ్యాక్స్, బ్యాక్ ప్రోటీనుల మెలికను అది ఆ గాడిలో ఇరికించి పట్టియుండును. కణమునకు తీవ్రక్షతి కలిగినపుడు బిమ్ వంటి ప్రోటీనులు వచ్చి గాడిని ఆక్రమించును, బ్యాక్స్ విడివడును, పొర చిల్లులు పడును. ఒక్క గాడి కొఱకు జరుగు ఈ పోటీలోనే కణము బ్రతుకుచావులు తేలుచున్నవి.

అపాఫ్-1 మరణచక్రము కూర్పబడుటకు, కణమునకు శక్తినిచ్చు ఎ.టి.పి. గాని దాని సోదర అణువు గాని అవసరము. ఎ.టి.పి. పూర్తిగ అడుగంటినచో కణము క్రమముగా చావక, పగిలి చుట్టుప్రక్కల వాపు కలిగించునని 1997 ప్రయోగములు తెలిపినవి; సక్రమముగ చచ్చుటకును శక్తి కావలెను! ఆ ఎ.టి.పి.ని 1929లో ఫిస్కేతో కూడి కనుగొన్నవారు భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ కూడ వేరుగా కనుగొనెను.

ప్రయోజనము మాటకు వచ్చిన, ఈ ప్రోటీనును పెంచుట యందు కాదు, అణచుట యందే లాభము కలిగినది. వెనెటోక్లాక్స్ అను మాత్ర ఆ గాడిలోనే కూర్చుండును. 2016లో అమెరికాలో అనుమతి పొందినది. దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకీమియా కణములు దీనివలన అతివేగముగ చచ్చి రక్తమును కలుషితము చేయునను భయముచే మోతాదును వారమువారము పెంచెదరు. జన్యువు దొరకిన ముప్పదియేండ్లకు గాని మందు రాలేదను అసంతృప్తి నాకు కలదు. ఆయుర్వృద్ధి మాత్రల ప్రకటనలకు నడుమ ఇట్టి వార్తకు పత్రికలు ఇచ్చిన స్థలము స్వల్పమనునది మఱొకటి.

ఆరోగ్యవంతుని లింఫ్ గ్రంథిలో, బీజకేంద్రములందలి కణములు ఈ ప్రోటీనును ఆపివేసికొని, పనికిరానివి చచ్చుటకు సిద్ధముగ నుండును. లింఫోమాలో అవి దానితో నిండియుండును. ముక్క తీసి రంగు వేసి వైద్యులు చూచునది ఇదియే. కావున మెడ, చంక, గజ్జలలో నొప్పిలేని బిళ్ళ కట్టి వారములు గడచినను తగ్గకున్నచో, పసరు పట్టువేసి కూర్చుండక, పెద్దాసుపత్రికి పోయి ఆ బిళ్ళను పరీక్ష చేయించుకొనుడు.