ప్రయోగశాలలో ఒక సంవత్సరము: కేసరిపప్పు విషము

విశ్వవిద్యాలయములలో మెదడును నాడులను గూర్చి పరిశోధించు ప్రయోగశాలలు కలవనియు, వానియందు గురుశిష్యులు కొందరు సంవత్సరము పొడవున అదే పనిలో నుందురనియు నేను తరగతిలో చెప్పుచుండగా, ఒక విద్యార్థి లేచి “అయ్యా, వారు దినమునకొక క్రొత్త సంగతి కనుగొందురా?” అని యడిగెను. తక్కినవారు నవ్విరి గాని, ఆ ప్రశ్న నవ్వదగినది కాదు. శాస్త్రజ్ఞుడనగా ఒకనాడు స్నానపుతొట్టినుండి లేచి కేకవేసినవాడని మన పాఠ్యపుస్తకములే నేర్పుచున్నవి. తక్కిన 364 దినములు అతడేమి చేయునో యెవరును వ్రాయరు. ఆ దినములను గూర్చి కొంత తెలుపుటకే యీ వ్యాసము.

మన వంటయింటికి దగ్గరనున్న యుదాహరణము నొకదానిని గైకొందము. వరంగల్లులోని ఎనుమాముల మార్కెట్టునకు ప్రత్తి, మిరపకాయలతోబాటు కందులును వచ్చును. కందిపప్పులోను శనగపిండిలోను చౌకయైన కేసరిపప్పును గలిపి యమ్ముట దేశమున చాలకాలముగా నున్న మోసము. కందిగింజ గుండ్రనిది, కేసరిగింజ గొడ్డలివలె ఒకవైపు సన్నగిలి, పలకలు దీరియుండును. గోదావరి కావలనున్న ఛత్తీస్‌గఢ్ ప్రాంతమున దీనిని తివడా యందురు. అచ్చటి రైతు వరి కోయకమునుపే, పైరు నిలిచియుండగానే, తడినేలపై నీ గింజలు చల్లును. దున్నుట లేదు, ఎరువు లేదు. నీరు నిలిచినను, నీరు లేకపోయినను ఈ మొక్క బ్రదుకును. నూటికి సుమారు 28 పాళ్లు మాంసకృత్తులు గలవు. అన్ని పంటలును చెడిన యేట ఇది యొక్కటియే పండును. కావున కరవునాడు బీదవాడు దీనినే తినును. కీడంతయు నిక్కడనే యున్నది.

కొన్ని మాసములు దీనినే ముఖ్యాహారముగా దిన్నవారిలో కొందరికి కాళ్లు బిగిసికొనిపోవును. మొదట పిక్కలు బరువెక్కును. పిమ్మట మడమ నేల నానదు. మునివ్రేళ్లపై, మోకాళ్లు ఒకదానికొకటి తగులుచుండగా నడచును. ఒక కఱ్ఱ, తరువాత రెండు కఱ్ఱలు, తుదకు చేతులమీద ప్రాకుట. చేతులకు బలము తగ్గదు, బుద్ధి మందగింపదు. పడుచువారికే యిది యెక్కువ. ఒకసారి పడిన కాళ్లు తిరిగి బాగుపడవు. 1844లో స్లీమన్ దొర ప్రకటించిన గ్రంథమున సాగరు ప్రాంతపు పల్లెలలో 1829 మొదలు పంటలు చెడినప్పుడు ఈ గింజను దిని కుంటివారైన యువకుల ప్రస్తావన కలదు. రీవా ప్రాంతమున కట్టుబానిసలైన పాలేళ్లకు కూలి ఈ గింజలలోనే కొలుచుచుండిరి. కూలి పుచ్చుకొనువానికి తన కాళ్లే వెలయని తెలియదు. తెలిసినను వేఱు కూలి లేదు.

గింజయందు విషము కలదని జనులకు తెలియును. సంస్కృత వైద్యగ్రంథమైన భావప్రకాశమునందును త్రిపుటమను పేరున ఈ గింజ మనుష్యుని కుంటివానిని జేయునని యున్నది. అయినను ఏ పదార్థము విషమో చేతబట్టి చూపినవారు లేరు. కొందరు ఇది ఆహారలోపమనిరి, కొందరు కలుపుగింజల దోషమనిరి. అంతలో పాశ్చాత్య ప్రయోగశాలలలో ఎలుకలకు స్వీట్‌పీ యను పూలమొక్క గింజలను పెట్టి పరీక్షించిరి. అది కేసరికి దాయాది. ఎలుకల యెముకలు వంగిపోయెను. 1954లో ఆ గింజలనుండి విషమును వేఱుచేసిరి. పరిశోధన ముగిసినదనుకొన్నవారును కలరు. కాని ఆ విషము ఎముకలకు సంబంధించినది. కుంటివాని యెముకలలో దోషము లేదు, దోషము నాడులలోనిది. పేరులో చుట్టరికమున్నంత మాత్రమున గుణమున చుట్టరిక ముండదు. ఇట్లు సంవత్సరములు పక్కదారిన బోవుట ప్రయోగశాలల జీవితమున అరుదు కాదు. దానికి సిగ్గుపడవలసిన పనియు లేదు.

బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ జీవరసాయనశాఖలో పి.ఎస్. శర్మగారి యాజమాన్యమున ఎస్.ఎల్.ఎన్. రావుగారును, పి.ఆర్. అడిగగారును ఈ పనికి బూనుకొనిరి. ఇట్టి ప్రయోగశాలలో సంవత్సరమెట్లు గడచునో యిక చెప్పెదను. ఇది యెవరో యొకరి దినచర్యనుండి తీసినది గాదు. పనియొక్క స్వభావమునుబట్టి కూర్చినది.

కేసరి రబీ పంట. మాఘఫాల్గుణములలో చేతికి వచ్చును. గింజలను ఏరి, విసరి పిండిచేయుదురు. నీరు కలిపిన ఆల్కహాలులో ఆ పిండిని నానబెట్టి వడగట్టుదురు. ఆ వడపోతలో చక్కెరలు, ఉప్పులు, ఆమ్లములు, వాని నడుమ నెచ్చటనో విషము. ఈ ద్రవమును జిగురువంటి పూసలు నింపిన నిలువు గాజుగొట్టములోనికి మెల్లగా వదలుదురు. పూసలు ఒక్కొక్క పదార్థమును ఒక్కొక్క కాలమున విడిచిపెట్టును. క్రింద వరుసగా పరీక్షనాళికలు మార్చుచుండవలెను. చుక్క చుక్కగా రాత్రియంతయు పడును. ఉదయమున ప్రతి నాళికనుండి చుక్క తీసి కాగితముపై నుంచి, నిన్‌హైడ్రిన్ ద్రావణము చల్లి, వేడిచేసిన ఊదారంగు మచ్చలు కనబడును. ఏ మచ్చ విషము? కాగితము చెప్పదు. ప్రాణికి ఎక్కించి చూడవలెను. ఒక్క దినము పుట్టిన కోడిపిల్లకు దానిని సూదితో నెక్కించినప్పుడు మెడ బిగిసి తల వెనుకకు వంగి వణకినయెడల ఆ నాళిక విషనాళిక. ఏమియు జరుగనియెడల ఆ దినపు శ్రమ యంతయు పుస్తకమున నొక వాక్యము: “ఫలితము లేదు.” సంవత్సరపు పుస్తకమున నెక్కువ పుటలు ఈ వాక్యముతోనే నిండును. గాజుసామాను కడుగుట, పాత్రలకు చీటీలంటించుట, తక్కెడ సరిచూచుట, చెడిపోయిన పంపును బాగుచేయించుట, ఇవియే తక్కిన దినములు. శిష్యునకు మొదటి సంవత్సరమున గాజు కడుగుటలోనే సగము విద్య యబ్బును. మురికి నాళిక యొక్కటి మాసపు పనిని పాడుచేయగలదు.

కోడిపిల్లల సంగతి చదివి కొందరు తల్లిదండ్రులకు మనస్సు కలుక్కుమనవచ్చును. నాకును అట్లే యైనది. నేడు మనదేశమున ఇట్టి ప్రయోగమునకు ముందు సంస్థయందలి నీతిసంఘముయొక్క అనుమతి పొందవలెను. ఎన్ని ప్రాణులు, ఏల, వేఱు మార్గము లేదా యని వారు ప్రశ్నింతురు. ఇది మంచి కట్టుబాటు.

ఇట్లు పట్టుబడిన తెల్లని స్ఫటికమునకు బీటా ఆగ్జలిల్ డయమినోప్రొపియోనిక్ ఆమ్లమని పేరు. సులువుగా ఓడాప్ అందురు. 1964లో బెంగుళూరువారు దీని నిర్మాణమును అమెరికాలోని బయోకెమిస్ట్రీ పత్రికలో ప్రకటించిరి. అదే యేట ఢిల్లీ విశ్వవిద్యాలయమునుండి మూర్తి, శేషాద్రి, వెంకటసుబ్రహ్మణ్యన్ గారలును ఈ పదార్థమునే ప్రకటించిరి. ఈ టి.ఆర్. శేషాద్రిగారు అంతకుమునుపు 1933 మొదలు 1949 వఱకు వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రమును పెంపొందించినవారే. రెండు ప్రయోగశాలలు ఒకే గమ్యమునకు వేర్వేఱు త్రోవల జేరుట సత్యమునకు మంచి సాక్ష్యము.

ఈ చిన్న ఆమ్లము నాడులనేల చెఱచును? మన మెదడులోను వెన్నుపాములోను ఒక నాడీకణము మఱియొకదానిని మేల్కొల్పుటకు గ్లూటమేట్ అను పదార్థమును స్వల్పముగా విడుచును. అది తలుపు తట్టి, పని కాగానే తొలగిపోవును. ఓడాప్ ఆకారమున గ్లూటమేట్‌ను బోలియుండును. అదే తలుపును తట్టును గాని విడువక తట్టుచుండును. కణము అలసి, పొంగి, చచ్చును. పెరిగిన జంతువులలో రక్తమునకును మెదడునకును నడుమ నొక కావలి కలదు. అందువలన పెద్ద యెలుకకు ఈ విషము సులభముగా నెక్కదు, కోడిపిల్లకు వెంటనే యెక్కును. కోతులపై జేసిన ప్రయోగఫలితములను 1967లో నేచర్ పత్రికలో ప్రకటించిరి. అయినను కోడిపిల్ల వణకు ఒక గడియలో వచ్చునది. మనుష్యుని కుంటితనము మాసములకు వచ్చునది. రెండును ఒకటేయని తొందరపడి చెప్పరాదు.

అంతలో హైదరాబాదునందు ఇంకొక పని జరుగుచుండెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పొరుగున నున్న పోషణ పరిశోధనాలయమున (1969 నుండి దీనిని జాతీయ పోషకాహార సంస్థ యనుచున్నారు) మోహన్, నాగరాజన్, గోపాలన్ గారలు విషము నీటిలో కరగునను గుణమును వంటకు ఉపయోగించిరి. పప్పును వేడినీటిలో నానబెట్టి ఆ నీటిని పారబోసినయెడల విషములో అధికభాగము పోవునని 1966లో ప్రకటించిరి. నీటితోబాటు బి విటమినులును కొంత పోవును. కరవునాడు కట్టెలు, నీళ్లు ఎచ్చటివని యడుగువారికిని జవాబు చెప్పవలెను. 1961లోనే కేంద్ర ప్రభుత్వపు ఆహారకల్తీ నిరోధక నియమములలో ఈ పప్పు అమ్మకమును నిషేధించు నిబంధన చేరినది. కాని అమ్మకమును ఆపిన చట్టము పొలములో చల్లుటను ఆపలేదు.

నిషేధింపవలెనన్నను, మంచి విత్తనము నేరవలెనన్నను గింజలో విషమెంతయో కొలువవలెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున జీవరసాయనశాస్త్రాచార్యులుగా పనిచేసిన ఎస్.ఎల్.ఎన్. రావుగారే 1978లో ఒక కొలత పద్ధతిని ప్రకటించిరి. గింజసారమును క్షారముతో కాచి, ఆర్థోథాలాల్డిహైడ్ అను ద్రవ్యము కలిపిన పసుపురంగు వచ్చును. రంగు గాఢతయే విషపు కొలత. లోకమున నలుదెసల కేసరి పరిశోధకులు ఈ పద్ధతినే వాడిరి. పెద్ద కనుగోలుకంటె ఇట్టి కొలబద్దయే యెక్కువ చేతులకు ఉపయోగించునని నా యభిప్రాయము.

విశేషమేమనగా, విషమును వేఱుచేసిన యా రావుగారే 2011లో ఒక వ్యాసమున ఈ గింజలోని మంచి గుణములను గూర్చి వ్రాసిరి. ఇందు హోమోఆర్జినిన్ అను మఱియొక ఆమ్లము కలదు. అది రక్తనాళములకు మేలుచేయునని యూహ. ఇతర ధాన్యములతో గలిపి మితముగా తిన్నవానికిని, కరవులో మూడు పూటలు ఇదియే తిన్నవానికిని భేదము చూడవలెనని వారి వాదము. తాను పట్టిన దొంగకు తానే వకాల్తా పుచ్చుకొనుట శాస్త్రజ్ఞులలో అరుదు.

నేడు రతన్, ప్రతీక్, మహాతివడా యను తక్కువ విషముగల రకములు పొలములకు వచ్చినవి. అయినను వానచాలని యేట అదే విత్తనమునందు విషము పెరుగును; నేలలో జింకు తక్కువైనను పెరుగును. కావున ప్రతి కోతకును గింజలు తెప్పించి, విసరి, నానబెట్టి, పసుపురంగును మరల కొలువవలెను.