ఫోన్ ఎత్తకపోతే వచ్చే కోపం

బాన్సువాడ చుట్టుపక్కల పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవారు ఎందరో. దుబాయిలో ఉన్న కొడుకు రెండుసార్లు ఫోన్ ఎత్తలేదనుకోండి. తల్లికి చప్పున కోపం వస్తుంది. అది ఇంట్లో ఉన్న కోడలి మీద పడుతుంది. ప్రతిసారీ ఇదే తంతు.

ఫోనుకూ కోపానికీ మధ్య ఒక తలంపు మెరిసిపోతుంది: "వాడు మమ్మల్ని మరచిపోయాడు." అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో, ఇలా తమంతట తామే వచ్చే ఆలోచనలను గుర్తించారు. నిజమా కాదా అని చూడకుండానే వాటిని నమ్మేస్తాం.

కోపం అణచుకోమంటే ఎవరి వల్ల అవుతుంది? తలంపును పట్టుకోవడమే మేలు. వారంపాటు నోటుబుక్కులో రాయండి: ఏం జరిగింది, ఏమనిపించింది, ఇంకేమై ఉండవచ్చు. రాయడం రాకపోతే మనవడితో రాయించండి, కోడలితో మాత్రం వద్దు! కొడుకు డ్యూటీలో ఉన్నాడేమో. దుబాయి గడియారం మనకన్నా గంటన్నర వెనక.

నిద్ర, తిండి కూడా తప్పుతుంటే 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలి మానస్ సేవ ఇది, ఉచితం.