సొంతింట ఆడకుండానే కప్పు

వాన వెలిసిందంటే చాలు, అరకులో మా అబ్బాయి బంతి పుచ్చుకుని బురదలోకి పరుగే. వాడికి హైదరాబాద్‌లోని గచ్చిబౌలి స్టేడియం అంటే ప్రాణం. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు అక్కడా జరిగాయి. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లోక్‌సభ స్పీకర్, మన కోనసీమ బిడ్డ బాలయోగి పేరు దానికి పెట్టారు.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ జట్టుకి అదే సొంతిల్లయింది. విచిత్రం చూడండి, 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు గెలిచిన ఆ సీజనంతా కరోనా వల్ల గోవాలోనే ఆడారు. కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం పొరుగూళ్లో చేసుకున్నట్టు! తర్వాత డబ్బు చిక్కులు, ఆటగాళ్ల వలసలు. 2025లో జట్టే పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది.

"మరి స్టేడియాన్ని ఇక్కడే వదిలేశారా అమ్మా?" అన్నాడు వాడు, కాళ్లకంటిన బురద కడుక్కుంటూ.